అప్పులు తీర్చుకొనే ఇంటికి కొన్ని మాటలు



ఈ పత్రికలో ఎప్పుడూ నూలు ధరలు, పట్టు ధరలు, సంఘపు తీర్మానములు వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఇంటి సంగతి వ్రాయవలసి వచ్చినది. కారణమేమనగా, "సెక్రటరీగారూ, కూలిలో కొంత ముందుగా ఇప్పించండి" అని మా సంఘమునకు వచ్చే సభ్యులలో చాలామందికి నిజముగా కావలసినది ముందు కూలి కాదు. తమకు ఎంత అప్పు ఉన్నదో వారికే తెలియదు. అడిగితే ఒక అంకె చెప్పుతారు. వారి ఇల్లాలిని అడిగితే ఇంకొక అంకె వస్తుంది. కొడుకును అడిగితే మూడవది. ఈ మూడు అంకెలను ఒకచోట కూడినవారు ఆ యింట ఎవరూ ఉండరు.

మన వృత్తిలో అప్పు కొత్త కాదు. కుంఫిణీవారి కాలములోనే కోరమాండల్ తీరపు నేతగాండ్రకు ముందు సొమ్ము చేతిలో పెట్టి, నేసిన గుడ్డ తమకే ఇవ్వవలెనని కట్టడి చేసేవారు. తరువాత షావుకార్ల అడ్వాన్సు వచ్చినది. మన దేశములో మొదటి సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినప్పుడు, రైతులతో పాటు చేతిపనివారిని కూడా పేర్కొని, పొదుపును పరస్పర సహాయమును పెంచుట తన ఉద్దేశమని చెప్పినది. అంటే మన సంఘములు పుట్టినదే ఈ బాధ కొరకు. అయినను సంఘపు పుస్తకములలో నూలు, చీరెల లెక్క ఉన్నదేగాని, సభ్యుని ఇంటి బాకీల లెక్క ఏనాడూ లేదు. ఉండనవసరము లేదు కూడా. అది ఇంట్లో ఉండవలసిన పుస్తకము.

అప్పు చేయడము తప్పని నేను చెప్పబోవడము లేదు. ఉన్న అప్పు తీరే రెండు మూడేండ్లు ఇల్లు ఎట్లా నడపవలెను, మనసు ఎట్లా నిలుపుకోవలెను అన్నదే నేను వ్రాయదలచినది. పరుల కథ చెప్పితే పేరు బయటపడును గనుక నా కథే చెప్పుతాను. మా ఇల్లాలి అనుమతి తీసుకొన్నాను.

మాది కాంచీపురము. ఇంట ఒక గుంట మగ్గము ఉన్నది. పగలు మా తండ్రిగారు, ఉదయం సాయంత్రం నేను దానిపై కూర్చుంటాము. ఇతర ప్రాంతాల సోదరులకు తెలియుటకు చెప్పుతున్నాను, అంచు ఒక రంగు, ఒడలు ఒక రంగు వచ్చే కోర్వై చీరెకు మూడు నాడెలు కావలెను. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. నేసేవాని పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె విసరవలెను. మా మగ్గముపై ఆ పని మా ఇల్లాలిది. పదునెనిమిదేండ్లుగా ఆమె నాకు జానెడు దూరములో కూర్చుని నాడె విసరుతున్నది. అంత దగ్గర ఉన్న మనిషికి తెలియకుండా నేను రెండు అప్పులు చేశాను.

మొదటిది 2021 మేలో. రెండవసారి కరోనా లాక్‌డౌను వచ్చి, సంఘములో పడుగులు నిలిచిపోయినవి. అదే నెలలో మా అమ్మను ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చి, మా పేటలో తిరిగే ఒక వడ్డీవాని వద్ద 15,000 తీసుకొన్నాను. నూటికి నెలకు పది రూపాయలు వడ్డీ. రెండవది అంతకు ముందే మా బావమరిది వద్ద, అనగా ఆమె తమ్ముని వద్దనే, "అక్కకు చెప్పకు" అని తీసుకొన్న 25,000. దానికి వడ్డీ లేదు. కాని మోయుటకు అదే ఎక్కువ బరువనిపించినది.

ఆ రోజులలో నేను ఆఫీసుకు వీధిలోనుండి పోక, వెనుక సందులోనుండి పోయేవాడను. రాత్రి ఫోను మ్రోగితే గుండె దడదడలాడేది. అన్నము ముందు కూర్చుంటే పిల్లలమీద అకారణముగా కోపము వచ్చేది. చీటికి మాటికి పొరపాట్లు. ఒకనాడు ఒక సభ్యునికి ఇచ్చిన పట్టు తూకము ఇంకొకరి పద్దులో వ్రాశాను. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు, ఆ పొరపాటు చూసి నన్ను తిట్టలేదు. "ఏమయ్యా సెక్రటరీ, ఊరందరి పద్దులూ రాస్తావు. నీ ఇంటి పద్దు ఎక్కడ రాస్తున్నావు?" అన్నారు. సమాధానము చెప్పలేక ఊరకున్నాను. ఆ మాట అడిగినవాడు ఒకడు ఉన్నాడు గనుక ఆ సాయంత్రము ఇంటికి పోయి చెప్పగలిగాను.

చెప్పినప్పుడు ఏమి జరిగినదో కూడా వ్రాస్తాను, ఎందుకంటే చెప్పగానే అన్నీ చక్కబడునని ఎవరైనా అనుకొంటారేమో. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మగ్గము మీద కూర్చున్నది, అంచు నాడె సమయానికి వచ్చినది, మాట మాత్రము రాలేదు. మూడవనాడు "వడ్డీవాడికంటే నేను పరాయిదాన్నా?" అన్నది. ఆ మాట నేను పడవలసినదే. తరువాత పిల్లవాని పాత నోటుపుస్తకము తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో రాయి, అన్నీ" అన్నది.

ఇక లెక్కకు వస్తాను. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండును గాని, పద్ధతి ఒకటే.

ఎడమ పుటలో బాకీలు వ్రాశాము. చేనేత ముద్ర పథకము కింద బ్యాంకులో తెచ్చిన అప్పులో మిగిలినది 42,000, మాకు పడే వడ్డీ ఏడాదికి 6 శాతము, నెల వాయిదా 1,500. మా ఇల్లాలు గుంపులో తీసుకొన్న సూక్ష్మ ఋణములో మిగిలినది 18,000, నెలకు 1,750. మా చెల్లెలి పెండ్లికి కుదువపెట్టిన నగలపై 60,000 (రెండు సవర్ల గొలుసు మీద 40,000, ఒక సవరు గాజుల మీద 20,000), నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు వడ్డీయే 1,200. నూటికి పది రూపాయల అప్పు 15,000, వడ్డీ 1,500. బావమరిదికి 25,000. కిరాణా కొట్టులో 6,400. మొత్తము 1,66,400 రూపాయలు. ఆ అంకె చూసి నాకు భయము వేయలేదు. ఆశ్చర్యముగా కొంత తేలికపడ్డాను. రాత్రులు నా తలలో తిరిగిన అంకె ఇంతకంటె చాలా పెద్దది.

కుడి పుటలో రాబడి, ఖర్చు. నా జీతము 8,000, మగ్గము కూలి సరాసరి 9,000, వెరసి 17,000. బియ్యము రేషను కార్డు మీద వచ్చును. తక్కిన సరుకులు, కూరలు 6,500. పాలు, గ్యాసు 1,700. బడి ఖర్చు 1,200. అమ్మ మందులు 900. కరెంటు, ఫోను 500. మగ్గము ఖర్చు 500. వెరసి 11,300. మిగిలేది 5,700. నెలనెలా తప్పక కట్టవలసినది 5,950.

లోటు 250 రూపాయలే. చూడడానికి చిన్నదే. ఈ చిన్న లోటే కిరాణా బాకీగా మారినది. అయితే అసలు దెబ్బ అది కాదు. నగల వడ్డీ 1,200, పది రూపాయల వడ్డీ 1,500, రెండూ కలిపి నెలకు 2,700 పోతున్నవి. దానితో అసలులో ఒక్క పైసా తగ్గడము లేదు. ఏడాదికి 32,400. అంటే మా మగ్గము మూడున్నర నెలలకు పైగా వడ్డీవారి కొరకే ఆడుతున్నదన్నమాట. ఇది కాగితము మీద వ్రాసేదాకా నాకు కనిపించలేదు. నేను పదిహేనేండ్లుగా లెక్కలు వ్రాసేవాడను!

అప్పు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఏ అప్పు ఏ ధరకు వచ్చినదన్నదీ అంతే ముఖ్యము. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతము. నూటికి పది అంటే 120 శాతము. పదివారాల అప్పు అని ఒకటి ఉన్నది. పదివేలు అని చెప్పి ముందే 1,500 పట్టుకొని 8,500 చేతికి ఇస్తారు, వారము వారము వేయి చొప్పున పది వారములు కట్టవలెను. చాలామంది "పదిహేను శాతమే గదా" అంటారు. కాదు. మొదటి వారమునుండే అసలు తిరిగి పోతున్నది, ఆ 8,500 మన వద్ద పది వారములూ ఉండదు. సరిగా కట్టి చూస్తే అది నూటికి నెలకు 13 రూపాయలకు తక్కువ పడదు. షోలాపూరు సోదరులు మిత్తి అన్నా, మేము వడ్డీ అన్నా, నెలకు నూటికి ఎంత అన్న ఒక్క కొలతకు తెచ్చి అన్ని అప్పులనూ వరుసగా వ్రాసుకొంటే ఏది ముందు తీర్చవలెనో అదే చెప్పును. ఎక్కువ ధర గలది ముందు. ఎక్కువ గొంతు గలవానిది ముందు కాదు. మనము సాధారణముగా చేసేది ఈ రెండవదే.

పది రూపాయల అప్పు ముందు పోవలెనని తేలినది. సొమ్ము ఎక్కడిది? మా ఇల్లాలే గాజుల రసీదు తీసినది. "కుదువలో ఉన్న గాజులు నా చేతికి వచ్చేది ఎప్పుడు? అంతవరకు నెలకు నాలుగు వందలు కట్టి ఎవరి చేతికి వేస్తున్నట్టు?" అన్నది. మా అమ్మ ఒప్పుకోలేదు, ఆడదాని ఒంటి నగ అమ్మితే ఇంటికి అరిష్టమన్నది. ఆ మాట నన్ను కూడా పట్టుకొన్నది. ఇందులో మగవాడు తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయము. నగ ఎవరిదో మాట వారిదే. అమ్మమని భార్యను బలవంతపెట్టిన ఇండ్లను కూడా నేను ఎరుగుదును, అక్కడ అప్పు తీరినది గాని ఇల్లు తీరుగా లేదు.

గాజులకు తరుగు పోగా 34,500 వచ్చినవి. కుదువ అసలు 20,000, ఆ నెల వడ్డీ 400 కట్టగా 14,100 మిగిలినది. 900 మా తండ్రిగారు కలిపినారు. ఆ దినమే 15,000 కట్టి, నేను సంతకము చేసి ఇచ్చిన నోటును తిరిగి తీసుకొని చించివేశాను. నెలకు 1,900 రూపాయల భారము దిగినది. అప్పటినుండి కట్టవలసినది 4,050, చేతిలో మిగిలేది 1,650. అందులో కిరాణాకు 600, బావమరిదికి 500. తక్కిన 550 ఒక డబ్బాలో.

ఈ డబ్బా సంగతి కొంచెము ఆగి చెప్పవలెను. అప్పు ఉన్నవాడు పక్కన దాచడమేమిటి, అది కూడా కట్టివేయరాదా అని మా తండ్రిగారు వాదించినారు. లెక్క ప్రకారము ఆయన మాట సరియైనదే. కాని మన పనికి ఎండా వానా లెక్కలు వేరు. తమిళనాట ఐప్పసి, కార్తీక మాసములలో వానలు పట్టితే పడుగు సాగదీసి ఆరవేయుటకు వీధి దొరకదు, గుంటలో నీరు ఊరును, దారము చెమ్మగిల్లును. నెలకు 9,000 అన్న కూలి ఆ నెల 4,000 కూడా రాదు. డబ్బా లేని ఇల్లు ఆ నెల మళ్లీ వడ్డీవాని గడప ఎక్కును. 2022 కార్తీకపు వానలలో మా గుంటలోనికి నీరు వచ్చి పదునారు రోజులు మగ్గము ఆగినది. డబ్బాలో ఉన్నదానితో ఆ నెల గడచినది, కొత్త అప్పు చేయలేదు. ఆ నాటినుండి మా తండ్రిగారు ఆ డబ్బాను ఏమీ అనలేదు.

అట్లే వాయిదాలు ఒప్పుకొనేటప్పుడు నెలనెలా ఒకే మొత్తమని ఒప్పుకోక, మన రాబడి ఎప్పుడు వచ్చునో చూసి ఒప్పుకోవలెను. మాకు దీపావళి ముందు, పెండ్లి ముహూర్తముల ముందు పని చేతినిండా ఉండును, బోనసు కూడా అప్పుడే. ఆషాఢములో తగ్గును. బ్యాంకువారు వాయిదా మార్చకపోవచ్చును గాని, కిరాణా షావుకారు, బంధువు, చేబదులు ఇచ్చినవారు, వీరంతా మాట వినేవారే. వారి వద్దకు గడువు తప్పిన తరువాత కాదు, తప్పకముందే పోవలెను. "ఈ నెల ఆరువందలు ఇస్తాను, దీపావళికి రెండువేలు ఇస్తాను" అని చెప్పినవాడు దొంగవాడు కాడు. సందులోనుండి పోయేవాడే దొంగవాడుగా కనబడతాడు. నేను ఆ సందులో నడిచినవాడను గనుక చెప్పుతున్నాను.

మూడు నెలల తరువాత గొలుసు కుదువను నూటికి రెండు రూపాయల కొట్టునుండి విడిపించి, సహకార బ్యాంకులో నూటికి రూపాయికి మార్చాము. నెలకు 400 మిగిలినది, అది అసలుకు జమ. 2022 వేసవికి కిరాణా తీరినది, ఆ తరువాత గుంపు ఋణము తీరినది. ఒకటి తీరగానే ఆ వాయిదా సొమ్మును ఇంటి ఖర్చులో కలవనీయక తరువాతి అప్పుకు చేర్చాము. ఇదే కష్టము. పన్నెండు నెలలు బిగపట్టిన తరువాత చేతిలో రెండువేలు ఆడితే పిల్లలకు బట్టలు, మనకు ఒక సినిమా అని మనసు లాగును. మేము ఆ నెల ఒక్కనాడు కోడికూర తిని, పిల్లలను సినిమాకు తీసుకొనిపోయి, మరునాడు మళ్లీ బిగించాము. అది దుబారా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2023 దీపావళికి ముందు గొలుసు ఇంటికి వచ్చినది. 2024 ఉగాది నాటికి బావమరిది బాకీ కూడా ముగిసినది. బ్యాంకుదీ అంతకు కొద్దిగా అటూ ఇటూ.

ఇంటి ఖర్చు తగ్గించుట గురించి అందరూ చెప్పేదే గనుక ఎక్కువ వ్రాయను. ఒక్క విషయము మాత్రము. మన యిండ్లలో తిండి కంటె చదివింపుల వద్ద ఎక్కువ నలిగిపోతాము. పెండ్లి, గృహప్రవేశము, సీమంతము, వెళ్లినచోటల్లా వేయి, రెండువేలు. ఆ రెండేండ్లు మేము మా మగ్గము మీద మిగిలిన పడుగు చివరలతో నేసిన రవికె గుడ్డ ఒకటి, కొబ్బరికాయ ఒకటి తీసుకొనిపోయాము. ఎవరో నవ్వే ఉంటారు. కాని వెళ్లడము మానలేదు. అప్పులలో ఉన్నవారు శుభకార్యములు మానుకొని ఇంట్లో కూర్చుంటారు, దానివల్ల మిగిలే సొమ్ము కంటె ఒంటరితనము వల్ల పోయేది ఎక్కువ.

చేయకూడనివి కొన్ని ఉన్నవి. కార్యదర్శిగా కూడా చెప్పుతున్నాను. సంఘము నేయుటకు ఇచ్చిన పట్టు, జరీ అమ్మి వాయిదా కట్టుట. ఇది జరుగుతూనే ఉన్నది, నాకు తెలుసు. తూకములో తేలిననాడు సభ్యత్వము పోవును, కేసు వచ్చును, పడుగు ఇచ్చేవాడు ఉండడు. అప్పు తీర్చే సాధనమే పోవును. అట్లే చీటీని మొదటి నెలలోనే సగము తగ్గింపుకు పాడి అప్పు కట్టుట. అది పాత అప్పును ఎక్కువ ధరకు కొత్తగా కొనుటయే. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకము పెట్టుట. కట్టిన సొమ్ముకు నోటు వెనుక చెల్లు వ్రాయించుకోకుండుట. ఫోనులో నిమిషములో అప్పు ఇచ్చే యాప్‌లు ఇప్పుడు కొత్తగా వచ్చినవి. వాటిలో కొన్ని మన ఫోనులోని పేర్లన్నీ లాగుకొని, బంధువులందరికీ ఫోను చేసి అల్లరి పెట్టుతున్నవి. అటువంటి వేధింపు జరిగితే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చును.

తమిళనాడు సంఘములలో కూలి రూపాయికి 8 పైసలు సభ్యుని పొదుపు నిధికి పోవును, దానికి ప్రభుత్వము 4 పైసలు కలుపును. "ఆ ఎనిమిది పైసలు పట్టుకోవద్దు, చేతికి ఇవ్వండి" అని కొందరు అడుగుతారు. ఊరక వచ్చే నాలుగు పైసలను వదులుకొని ఏ అప్పు తీరును?

షావుకారు వద్ద అడ్వాన్సు తీసుకొని నేసేవారి సంగతి వేరు. అది అప్పుగా కనిపించదు, వడ్డీ ఉండదు. కాని ఆ అడ్వాన్సు తీరేవరకు ఇంకొకరి పడుగు ఎక్కించరాదు, కూలి పెంచమని అడగరాదు. వడ్డీ అక్కడ ఉన్నది. అటువంటివారు కూడా నోటుపుస్తకములో దానిని మొదటి వరుసలో వ్రాసుకొని, చీరెకు ఇంత అని విరుపు మొత్తము ముందుగా మాట్లాడుకొని, ప్రతి చీరె ఇచ్చినప్పుడు షావుకారు చేతనే పుస్తకములో వ్రాయించవలెను. మొత్తము కూలి విరుచుకొనుటకు ఒప్పుకొంటే ఆ వారము తిండికి మళ్లీ అతని వద్దకే పోవలెను.

ఇక అప్పులవారి బలవంతము. ఈ విషయములో మనవారు తెలియక పడే భయము చాలా ఎక్కువ. "మగ్గము ఎత్తుకొనిపోతాము" అన్న మాట విన్నాను. సొమ్ము దావాలో డిక్రీ అయినను, కోర్టు కూడా చేతిపనివాని పనిముట్లను జప్తు చేయరాదని సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెప్పుతున్నది. వంటపాత్రలు, పక్కబట్టలు, ఒంటి బట్టలు కూడా అంతే. ఆ కోడు 1908 నాటిది. సొమ్ము డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయరాదని 56వ సెక్షను. కోర్టు చేయరాని పనిని వీధిలో వడ్డీవాడు చేయుటకు ఏ హక్కు ఉన్నది? (మగ్గమునే తాకట్టుగా వ్రాసి ఇచ్చి ఉంటే అది వేరు సంగతి, కాగితము చదివించుకోవలెను.)

గుంపు ఋణముల విషయములో రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిలు నుండి కొన్ని నిబంధనలు పెట్టినది. వసూలుకు ఉదయము 9కి ముందు, సాయంత్రము 6 తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు, తిట్టరాదు, బంధువులను ఇరుగుపొరుగును వేధించరాదు. ముందుగా కట్టివేస్తే జరిమానా లేదు. ఒక కుటుంబపు అన్ని అప్పుల వాయిదాలు కలిపి నెలసరి రాబడిలో సగము మించరాదు. సగము అన్నది వారికి హద్దు, మనకు సలహా కాదు. మా లెక్కలో అది 35 శాతమే, అయినను మునిగిపోయాము.

తమిళనాట కందువట్టి, మీటరు వట్టి, తండల్ మొదలైనవాటిని 2003 చట్టము నిషేధించినది. కర్ణాటకలో సూక్ష్మ ఋణముల వసూలులో బలవంతమును అరికట్టుటకు 2025లో ఆర్డినెన్సు వచ్చినది. మహారాష్ట్రలో లైసెన్సు లేక వడ్డీ వ్యాపారము చేయుట 2014 చట్టము ప్రకారము నేరము. పాత ముంబాయి రాజధాని ప్రాంతములో దామ్‌దుప్పట్ అనే సూత్రము కూడా ఉన్నది, ఏ సమయమునగాని వడ్డీ బాకీ అసలును మించి రాబట్టరాదని. షోలాపూరు, భివండి సోదరులు దీనిని గుర్తుంచుకోవలెను. బరంపురములోగాని యానాములోగాని, ఎక్కడైనను న్యాయసేవల సంస్థ ఉన్నది. 15100కు ఫోను చేయవచ్చును. ఆడవారికి ఆదాయముతో పని లేకుండా అక్కడ ఉచితముగా వకీలును ఇస్తారు. లోక్ అదాలతులో రాజీకి ఖర్చు ఉండదు. ఇదంతా ఎగవేయమని చెప్పుట కాదు. న్యాయమైన బాకీని భయపడకుండా తీర్చుటకు చెప్పుతున్నాను.

చివరగా ఒక మాట, ఇది వ్రాయుటకు కొంచెము సంకోచించాను. 1990 దశకమునుండి మన నేతవారి ఇండ్లలో అప్పులవల్ల ప్రాణములు తీసుకొన్న వార్తలు మనము చదువుతూనే ఉన్నాము. సందులోనుండి నడిచిన రోజులలో నాకు కూడా ఒక రాత్రి అటువంటి ఆలోచన వచ్చినది. పిల్లలు బాగుపడతారని అనిపించినది. ఇప్పుడు ఆ లెక్క ఎంత తప్పో తెలుసు. నేను పోయి ఉంటే 1,66,400 అట్లే ఉండేది, 17,000 రాబడి ఉండేది కాదు. కాని ఆ రాత్రి మనిషికి లెక్క తోచదు. అటువంటి ఆలోచన వచ్చినవారు ఆ రాత్రే ఒక మనిషిని లేపవలెను. భార్యనో, అన్ననో, పక్కింటివారినో. ఇంట్లోవారికి చెప్పలేనివారికి ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416 ఉన్నది, 2022 అక్టోబరులో ప్రారంభించినారు. రాత్రి పగలు ఎప్పుడైనా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చును, తెలుగులో కూడా మాట్లాడుతారు. ఇంట్లోవారు కూడా గమనించవలెను. మాట తగ్గినవానిని, నిద్ర లేనివానిని, ఉన్నట్టుండి వస్తువులు పంచిపెట్టేవానిని ఒంటరిగా వదలకూడదు. "ఏమైనది" అని అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. నన్ను ఆ పెద్దాయన అడిగినట్టు అడిగితే చాలును.

పగటి దిగులుకు మాత్రము మేము ఒక పద్ధతి పెట్టుకొన్నాము. అప్పుల మాట ఆదివారము సాయంత్రము ఒక గంట. అమ్మ, నాన్న, మేమిద్దరము, పదవ తరగతి చదివే పిల్లవాడు అందరూ కూర్చుంటాము. పుస్తకము తెరచి, ఆ వారము కట్టినదానికి ఎర్ర సిరాతో గీత. తక్కిన ఆరు రోజులు మగ్గము దగ్గరగాని భోజనము దగ్గరగాని ఆ మాట ఎత్తరాదు. మొదటి నెలలో ఈ నియమము రోజూ తప్పాము. తరువాత అలవాటైనది. పిల్లవానికి తెలిస్తే బెంగపడునని భయపడ్డాను. వాడు బెంగపడలేదు. ప్రతి ఆదివారము కూడిక తప్పు పట్టుకొనేవాడు, రెండుసార్లు నిజముగానే తప్పు దొరికినది.

పైన చెప్పిన పద్ధతిలో రెండు పుటల పట్టిక గీసి కొన్ని కాగితములు మా సంఘపు ఆఫీసులో ఉంచాను. బాకీ పేరు, అసలు, నెలకు నూటికి ఎంత, వాయిదా, కట్టిన తేదీ అని అయిదు గళ్లు. నింపుటకు సాయము కావలసినవారు శనివారము సాయంత్రము పని ముగిసిన తరువాత రావచ్చును. తలుపు వేసి మాట్లాడుకొందాము. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రావలెను. ఒక్కరే వస్తే కాగితము ఇచ్చి ఇంటికి పంపుతాను.